తొలి వారాల్లో మరక కనిపిస్తే

చిట్టీ,

కడుపుతో ఉన్న నీకు రక్తపు మరక కనిపించిందని నిన్న రాత్రి ఫోన్లో నువ్వు చెప్పినదంతా విన్నాను. పక్కన మీ అత్తమ్మ ఉండడంతో సగం మాటలు మింగేశావని కూడా అర్థమైంది. అందుకే కర్నూలు నుంచి తీరిగ్గా రాస్తున్నా. కాన్పుల వార్డులో నర్సుగా ఏళ్ళ తరబడి పనిచేసిన పెద్దమ్మ మాటగా చదువుకో. చదివాక మీ ఆయనకూ చూపించు.

మరక కనిపించినంత మాత్రాన కడుపు పోయినట్టు కాదు. మొదటి మూడు నెలల్లో నలుగురిలో దాదాపు ఒకరికి ఎంతో కొంత రక్తం కనిపిస్తుంది. వాళ్ళలో చాలామంది నెలలు నిండి పండంటి బిడ్డల్ని కన్నవాళ్ళే. అలాగని ‘అందరికీ అయ్యేదేలే’ అని ఊరుకోవద్దు. కారణం తెలిసేదాకా తీసిపారేయకూడని విషయం ఇది.

పిండం గర్భసంచికి అంటుకునేటప్పుడు ఇలా అవుతుందని పక్కింటావిడ చెప్పిందన్నావు. అది నిజమే, కానీ ఆ మరక నెలసరి రావాల్సిన తేదీకి కాస్త అటూ ఇటూగా కనిపించి, ఒకటి రెండు రోజుల్లో ఆగిపోతుంది. చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కేస్తే నీకిప్పుడు ఆరో వారం. ఆ రోజులు దాటిపోయాయి కాబట్టి ఆ పేరు చెప్పుకొని కూర్చోవద్దు. గర్భసంచి ముఖద్వారం ఈ రోజుల్లో మెత్తబడి, కలయిక తర్వాతో లోపల పరీక్ష చేశాకో కొంచెం రక్తం రావచ్చు. పిండం చుట్టూ ఉండే తిత్తి పక్కన కాస్త రక్తం చేరినా రావచ్చు, అది చాలామందిలో దానంతటదే కరిగిపోతుంది. గర్భం నిలవకపోతున్నా ఇలాగే మొదలవ్వచ్చు. వీటిలో ఏదన్నది మరక రంగు చూసి నేనైనా చెప్పలేను.

నాకు అసలు భయం ట్యూబులో, అంటే అండం గర్భసంచిలోకి వచ్చే గొట్టంలో, నిలిచే గర్భం గురించి. కిట్‌లో రెండు గీతలు వస్తే గర్భం ఉందని తెలుస్తుంది గానీ, ఎక్కడుందో తెలియదు. గర్భసంచిలో కాకుండా ట్యూబులో ఉన్నా రెండు గీతలే వస్తాయి. వంద గర్భాల్లో ఒకటి రెండు అలా ఉంటాయి. ట్యూబు పగిలితే రక్తం కడుపులోపలే పారుతుంది, బయటికి కొంచెమే కనిపిస్తుంది. అందుకే ‘కొంచెమేగా’ అనే మాట వింటే నాకు కోపం వస్తుంది. పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి, భుజం కొసన నొప్పి, కళ్ళు తిరగడం, చెమటలు పట్టడం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా తెల్లవారేదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చెయ్యి. గంటకో ప్యాడ్ చొప్పున తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, జ్వరం వచ్చినా అంతే. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి రావడానికే రెండు గంటల పైన పడుతుంది, ఆ సమయాన్ని ఇంట్లో వాదనలకు పోగొట్టుకోకండి.

అలాంటివేమీ లేకున్నా రేపే డాక్టరమ్మకు చూపించుకో. ఈలోగా గుడ్డ కాదు, తెల్ల ప్యాడ్ పెట్టుకో. ఎన్ని గంటలకు మార్చావో, ఎంత తడిసిందో రాసిపెట్టు. బాత్‌రూమ్‌లో చూసి హడలిపోవద్దు, నీళ్ళలో కలిస్తే నాలుగు చుక్కలే చెంబెడు రక్తంలా కనిపిస్తాయి. ప్యాడ్ మీద పడినదే అసలు లెక్క. గడ్డలాంటిది పడితే పారేయకుండా ఫోటో తీసి డాక్టరమ్మకు చూపించు.

ఈ వారాల్లో కింది నుంచి చేసే స్కాన్‌లోనే బాగా తెలుస్తుంది. సిగ్గుపడొద్దు, బిడ్డకు దాంతో హాని లేదు. పిండం తిత్తి సాధారణంగా ఐదో వారంలో, గుండె చప్పుడు ఆరు దాటాక కనిపిస్తాయి. తేదీలు కాస్త అటూ ఇటూ అయితే మొదటి స్కాన్‌లో ఏమీ తేలకపోవచ్చు. అప్పుడు గర్భం వల్ల తయారయ్యే హార్మోన్ ఎంతుందో చూసే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష చేసి, 48 గంటల తర్వాత మళ్ళీ చేస్తారు. వారం పది రోజులాగి మళ్ళీ స్కాన్ చేస్తారు. ‘గుండె లేదు, క్లీన్ చేయించుకోండి’ అని ఒక్క స్కాన్‌తోనే ఎవరైనా తొందరపెడితే, కొలతలు అడుగు. పిండం 7 మిల్లీమీటర్ల కన్నా చిన్నగా ఉండి గుండె కనిపించకపోతే కనీసం వారం ఆగి మళ్ళీ చూడాలి. పెద్ద రక్తస్రావం, నొప్పి లేనప్పుడు ఆగడంలో తప్పు లేదు.

నీ బ్లడ్ గ్రూపు నెగెటివ్ అయితే ఆ మాట మొదటే చెప్పు. బిడ్డది పాజిటివ్ అయితే నీ ఒళ్ళు ఆ రక్తానికి ఎదురుతిరగకుండా వేసే యాంటీ-డి సూది అవసరమో లేదో వాళ్ళు చూస్తారు, అవసరమైతే 72 గంటల్లోపు వేయాలి. ఒంటినొప్పులు ఉన్నాయని మెడికల్ షాపులో ఏ బిళ్ళ పడితే అది మింగొద్దు. ‘గర్భం నిలబడే మందులు’ కూడా డాక్టరమ్మ రాస్తేనే. మరక ఆగేదాకా కలయిక వద్దు, బరువులు ఎత్తొద్దు. అంతకుమించి మంచం దిగకుండా పడుకుంటే గర్భం నిలుస్తుందన్నది మాత్రం రుజువు కాలేదు. స్నానం చెయ్యి, సంగటి తిను, ఇంట్లో తిరుగు.

బొప్పాయి ముక్క తిన్నందుకే, స్కూటీ ఎక్కినందుకే ఇలా అయిందని మీ అత్తమ్మ అన్న మాటలు పట్టించుకోవద్దు. తొలి వారాల్లో పోయే గర్భాల్లో సగం దాకా పిండంలో క్రోమోజోముల తేడా వల్లే పోతాయి. నువ్వు తిన్నదో, మెట్లెక్కిందో కారణం కాదు. ఒకవేళ స్కాన్‌లో మంచి కబురు రాకపోయినా ఈ మాట గుర్తుంచుకో. ఇంట్లోవాళ్ళకు చెప్పాల్సి వస్తే నేనే వచ్చి చెప్తా.

పాత రిపోర్టులు, ఆధార్, బ్లడ్ గ్రూపు కాగితం ఒక కవర్లో పెట్టుకో. ఖాళీ కడుపుతో వెళ్ళకు. లోపలికి మీ ఆయన్ని కూడా రమ్మను, డాక్టరమ్మ చెప్పింది ఇద్దరూ వింటే మేలు. స్కాన్ కాగితం చేతికి రాగానే ఫోటో తీసి పంపు, చూసి వెంటనే ఫోన్ చేస్తా.

మీ పెద్దమ్మ