సాన్‌గువో షాలో జుగే క్రాస్‌బో అనే ఆయుధ కార్డు ఉంటే దూరంగా కూర్చున్నవాళ్లని కూడా కొట్టొచ్చా?

కొట్టలేరు, దాని పరిధి 1 మాత్రమే, అది పెంచేది దూరాన్ని కాదు, దెబ్బల సంఖ్యని. మూడు రాజ్యాల కాలపు చైనా వీరులతో ఆడే ఈ కార్డుల ఆటలో మామూలుగా ఒక వంతుకి ఒక్క ‘షా’, అంటే దాడి కార్డు, మాత్రమే వేయొచ్చు. క్రాస్‌బో ముందు పెట్టుకుంటే ఆ హద్దు పోతుంది. చేతిలో ఎన్ని షాలుంటే అన్నీ వేసేయొచ్చు.

పక్కవాడి మీద వరసగా మూడు షాలు వేశారనుకోండి. తప్పించుకోవాలంటే ఒక్కోదానికీ ఒక్కో ‘షాన్’ వేయాలి. కవచం లేక, చేతిలో ఒక్క షానే ఉంటే రెండు ప్రాణాలు పోతాయి.

విల్లు కదా, దూరం పోతుందని చాలామంది పొరబడతారు. రెండు స్థానాల అవతలివాడిని అందుకోవాలంటే దూరాన్ని ఒకటి తగ్గించే -1 గుర్రం కార్డు తోడుండాలి. వాడి దగ్గర దూరాన్ని ఒకటి పెంచే +1 గుర్రం ఉంటే అదీ చాలదు.