నాన్న బుల్లెట్‌పై కన్యాకుమారికి: ఎఫ్‌డీ తీయాలా, అప్పు చేయాలా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంటును. నాన్నగారు 1988లో కొన్న 350 సీసీ బుల్లెట్ మా వరండాలో ఉంది. ఆయన 2022 చివరలో కాలం చేశారు. అప్పటి నుంచి బండి కదలలేదు. ఆర్‌సీ ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది, గడువు 2023 జూన్‌లో ముగిసింది. బండిని కొత్త భాగాలతో బాగు చేయించి, నేనూ నా భార్యా కన్యాకుమారి దాకా వెళ్లి రావాలని కోరిక. మెకానిక్ ఇచ్చిన అంచనా రూ.1,86,000. నా జీతం రూ.62,000, నా భార్యది రూ.18,000. ఇంటి రుణం వాయిదా రూ.21,000, ఇంటి ఖర్చు రూ.38,000, పిల్లల చదువుకు నెలకు సగటున రూ.5,000, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పొదుపు) రూ.6,000. ఎఫ్‌డీలో రూ.2,40,000 ఉంది. ఏటా రూ.45,000 బోనస్ వస్తుంది. ఎఫ్‌డీ తీయాలా, లక్షన్నర పర్సనల్ లోన్ తీసుకోవాలా, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టాలా? అమ్మ మా దగ్గరే ఉంటుంది. చెల్లెలు గుంటూరులో ఉంటుంది.

జవాబు: మూడూ వద్దు. బండి మాత్రం బాగు చేయించండి. నాన్నగారి బండి మళ్లీ రోడ్డెక్కాలని కోరుకోవడం దుబారా కాదు, ఇంటి బడ్జెట్‌లో దానికీ చోటుంది. అయితే మీరు ఉత్తరం మొత్తం డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న దాని గురించే రాశారు. దానికంటే ముందు తేలాల్సినవి రెండున్నాయి: ఈ బండి ఇప్పుడు ఎవరిది, ఆ రూ.1,86,000లో నిజంగా కావలసింది ఎంత.

మొదటిది కాస్త సున్నితమైన విషయం. నాన్నగారు వీలునామా రాయకపోతే ఆ బండిలో మీతోపాటు అమ్మగారికీ చెల్లెలికీ వాటా ఉంటుంది. వాళ్లు అడ్డు చెప్పకపోవచ్చు. కానీ రవాణా శాఖ కార్యాలయం నోటి మాట వినదు. తండ్రి పేరు నుంచి కొడుకు పేరుకు మార్చడానికి ఫారం 31తోపాటు మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగిలిన వారసుల అంగీకారం అడుగుతారు. యజమాని మరణించిన మూడు నెలల్లోగా ఈ దరఖాస్తు చేసుకోవాలన్నది నిబంధన. మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది. పేరు మారకుండా లక్ష రూపాయలు ఖర్చు పెట్టి, దారిలో ప్రమాదం జరిగితే, బీమా సంస్థ అడిగే మొదటి ప్రశ్నకే మీ దగ్గర జవాబు ఉండదు.

ఆర్‌సీ గడువు దాటినందుకూ మూల్యం ఉంది. 20 ఏళ్లు దాటిన మోటారుసైకిలు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 2025 ఆగస్టు నుంచి రూ.2,000 అయింది. ఆలస్యానికి నెలకు రూ.300 అదనం. 30 నెలలనుకుంటే అదే రూ.9,000. పాత బండ్ల మీద వేసే హరిత పన్ను, పేరు మార్పు రుసుము, కాలుష్య ధ్రువపత్రం, బీమా వేరు. వీటన్నిటికీ కలిపి రూ.15,000 పక్కన పెట్టండి. మీది 1989కి ముందు నాటి మూడక్షరాల నంబరు కాబట్టి ఆ రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కిందో లేదో ముందే చూసుకోండి. ఎక్కకపోతే బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత రికార్డును కంప్యూటర్‌లో చేర్పించే పని, చేయించుకోవాలి, దానికి తిరగాల్సి వస్తుంది. పునరుద్ధరణకు బండిని తనిఖీకి చూపించాలి కాబట్టి అది బండి నడిచే స్థితికి వచ్చాకే. గడువు దాటిన ఆర్‌సీపై పేరు మార్పు ముందే చేస్తారో లేదో రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కోండి. కానీ కాగితాల పని మొదలు కాకుండా ఇంజిన్ విప్పించకండి.

ఇక మెకానిక్ చీటీ. మీరు పంపిన వివరం ఇది: ఇంజిన్ పూర్తి మరమ్మతు 38,000, దాన్ని 500 సీసీకి పెంచడానికి 24,000, ఐదు గేర్ల బాక్సు 22,000, ముందు డిస్కు బ్రేకు 14,000, 12 వోల్టుల వైరింగు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, కొత్త లైటు 17,000, చక్రాలు, స్పోకులు, టైర్లు 16,000, రంగు, క్రోమియం పూత 28,000, సీటు, క్యారియర్లు, పక్క పెట్టెలు 15,000, మజూరీ 12,000.

500 సీసీ మార్పును ఇప్పుడే కొట్టేయండి. డబ్బు ఒక కారణం మాత్రమే. ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ సామర్థ్యం ఒకటి, బండిలో ఉన్నది మరొకటి అయితే అది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధం. 2019 సవరణ తర్వాత ఇలాంటి ఒక్కో మార్పుకు యజమానికి రూ.5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో స్పష్టం చేసింది. బీమా లెక్కా మారిపోతుంది. 2022లో ఖరారైన రేట్ల ప్రకారం 150 నుంచి 350 సీసీ దాకా ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం రూ.1,366, 350 దాటితే రూ.2,804, పైన జీఎస్టీ. మీరు 350 సీసీ ప్రీమియం కట్టి 500 సీసీ బండి నడిపితే ఆ పాలసీ ఎంతవరకు ఆదుకుంటుందో మీరే ఆలోచించండి. అసలు ఆ పోత ఇనుప ఇంజిన్ 55, 60 వేగంలో హాయిగా సాగుతుంది. కన్యాకుమారికి అంతకంటే వేగం అక్కర్లేదు.

గేరు ఎడమ కాలికి వస్తుందని ఐదు గేర్ల బాక్సు పెట్టించడమూ వద్దు. మీ బండికి గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉంటాయి. మీరు రోజూ నడిపే బండికి తిరగేసి ఉంటాయి. ఆపదలో కాలు అలవాటు పడ్డ వైపే వెళుతుంది. దీనికి మందు కొత్త గేర్ల బాక్సు కాదు, ప్రయాణానికి ముందు ఊరి చుట్టూ కనీసం 500 కిలోమీటర్లు నడపడం. దానికయ్యేది పెట్రోలు ఖర్చే.

రంగు ఆపండి. నా దగ్గరకు సలహాకు వచ్చిన ఒకాయన పాత బండికి ముందు ట్యాంకు, మడ్‌గార్డులు మెరిపించి, ఆ తర్వాత ఇంజిన్ విప్పించారు. నెల తిరిగేసరికి ట్యాంకు మీద స్పానర్ల గీతలు పడ్డాయి. రెండోసారి రంగుకు చేతిలో డబ్బు లేదు. మీ బండికి ఉన్న పాత రంగు, నాన్నగారి మోకాళ్లు రాసుకుని అరిగిన ట్యాంకు అంచులు, మరో రెండేళ్లు అలాగే ఉన్నా నష్టం లేదు. ఎప్పుడైనా వేరే రంగు వేయిస్తే ఆర్‌సీలోనూ ఆ మార్పు రాయించాలని గుర్తుంచుకోండి.

బ్రేకు విషయంలో నేను కాస్త మొండిగా చెబుతాను. అనుమతి సంగతి తేలని డిస్కు కంటే సరిగ్గా అమర్చిన డ్రమ్ము నయం. డ్రమ్మును లేతు మీద సరిచేయించి, కొత్త బ్రేక్ షూలు, కొత్త కేబుళ్లు వేయిస్తే రూ.5,000లో అయిపోతుంది. అయితే వెనుక మనిషీ పక్కన పెట్టెలూ ఉన్నప్పుడు అది డిస్కులా ఆగదు. ముందు బండికి దూరం ఎక్కువ వదలాలి.

డబ్బు ధారాళంగా పెట్టాల్సింది వైరింగు మీద, చక్రాల మీద. ఆరు వోల్టుల మసక దీపంతో చీకటిలో జాతీయ రహదారి ఎక్కకూడదు. ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే పాతకాలపు పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టిస్తే కిక్కు కొట్టే శ్రమ, దారిలో పాయింట్లు రుద్దుకునే శ్రమ తగ్గుతాయి. తీసేసిన పాత భాగాలన్నీ, పాయింట్లు, కాయిల్, పాత లైటుతో సహా, పెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చుకోండి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న వాహనాలకు వింటేజ్ గుర్తింపు ఉంది. మీ బండికి ఆ వయసు 2038లో వస్తుంది. ఆ గుర్తింపు పొందిన బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు కాబట్టి ఇప్పుడు మీకు దానితో పని లేదు. అయినా ఆ పెట్టె ఇంట్లో ఉంటే రేపు మీ పిల్లలు బండిని మళ్లీ పాత రూపానికి తేగలుగుతారు.

ఇప్పుడు కూడితే: ఇంజిన్ 38,000, వైరింగు 17,000, చక్రాలు 16,000, సామాను అమరికలు 15,000, మజూరీ 12,000, బ్రేకు 5,000. మొత్తం రూ.1,03,000. పాత ఇంజిన్ విప్పాక తప్పకుండా కొత్త ఖర్చు బయటపడుతుంది, కాబట్టి మరో రూ.20,000 కలపండి. కాగితాలకు రూ.15,000. అంతా కలిపి రూ.1,38,000.

మీ ఆదాయంలో ఖర్చులన్నీ పోగా నెలకు రూ.10,000 మిగులుతోంది. అందులో రూ.8,000తో ఏడాది రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. అసలే రూ.96,000 అవుతుంది. బోనస్ కలిస్తే రూ.1,41,000. మీ బండి ఖర్చు ఇందులో సరిపోతుంది.

మిగిలిన రూ.2,000 ఎందుకంటారా? మీ ఇంటికి తప్పని ఖర్చు నెలకు రూ.64,000. ఇద్దరూ సంపాదిస్తున్నారు కాబట్టి నాలుగు నెలల నిల్వ చాలు. అది రూ.2,56,000. మీ ఎఫ్‌డీ దానికి రూ.16,000 తక్కువగా ఉంది. ఎనిమిది నెలల్లో ఆ లోటు పూడుతుంది. ఆ ఎఫ్‌డీ ఉద్యోగం పోయినా, అమ్మగారు ఆసుపత్రి పాలైనా ఇంటిని నిలబెట్టే డబ్బు. బండి కోసం దాని జోలికి పోవద్దు. బంగారం దానికీ వెనుక ఉండే ఆఖరి ఆసరా. లక్షన్నర పర్సనల్ లోన్ 14 శాతం వడ్డీకి మూడేళ్ల గడువుతో తీసుకుంటే నెలకు సుమారు రూ.5,127 కట్టాలి. వడ్డీయే రూ.34,500 దాటుతుంది. ఆ వడ్డీతో మీ కన్యాకుమారి ప్రయాణమే అయిపోతుంది. కావాలంటే లెక్క చూడండి: అటూ ఇటూ, దారి మళ్లింపులతో 2,800 కిలోమీటర్లు, లీటరుకు 35 చొప్పున 80 లీటర్లు, లీటరు రూ.110 అనుకుంటే రూ.9,000 లోపే. తొమ్మిది రాత్రుల బసకు రూ.13,500, భోజనాలకు, చిల్లర మరమ్మతులకు ఇంకో తొమ్మిది వేలు. అదే డిపాజిట్‌ను మరో నాలుగు నెలలు కొనసాగిస్తే రూ.32,000 చేతికొస్తుంది.

ఏడాది ఆగడం మీకు కష్టమని తెలుసు. అందుకే పనిని విడతలు చేయండి. ఇప్పుడు కాగితాలు. బోనస్ వచ్చిన నెలలో ఇంజిన్. ఆ తర్వాత డబ్బు కూడే కొద్దీ వైరింగు, చక్రాలు. ఇంజిన్ తెరిచి ఉండగా ‘ఎలాగూ విప్పాం కదా, ఇదీ మార్చేద్దాం’ అన్న మాట షెడ్డులో తప్పక వినిపిస్తుంది. పాత బండ్ల బడ్జెట్లు తలకిందులయ్యేది అక్కడే. మెకానిక్‌తో పనుల జాబితా, ధర, గడువు కాగితం మీద రాసుకోండి. భాగాలకు బిల్లులు, తీసేసిన భాగాలు తిరిగి ఇవ్వాలన్న షరతు అందులో ఉండాలి. ఒక విడత పూర్తయి, బండిని మీరు చూసుకున్నాకే తర్వాతి విడత డబ్బు.

మీ ఉత్తరంలో టర్మ్ పాలసీ (పాలసీదారు చనిపోతే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) ప్రస్తావన లేదు. ఇంటి రుణం, ఇద్దరు పిల్లలు ఉన్న భార్యాభర్తలు ఒకే బండి మీద దూర ప్రయాణం చేస్తున్నారు. ఇంటి రుణం తీరి, పిల్లల చదువు సాగేంత టర్మ్ పాలసీ మీ పేరున లేకపోతే బండి డిపాజిట్ కంటే ముందు అది తీసుకోండి. మీ భార్యకూ ఆదాయం ఉంది కాబట్టి ఆమె పేరునా ఒక చిన్న పాలసీ ఉండాలి. బండికి థర్డ్ పార్టీతోపాటు నడిపే యజమానికి ఉండే రూ.15 లక్షల ప్రమాద బీమా తీసుకోండి. వెనుక కూర్చునే ఆమెకు ప్రమాద బీమా విడిగా అడిగి చేర్పించుకోవాలి. సొంత నష్టానికీ బీమా కావాలంటే, ఇంత పాత బండికి విలువ మీరూ బీమా సంస్థా మాట్లాడుకుని తేల్చుకోవాలి. మరమ్మతు బిల్లులు అక్కడ పనికొస్తాయి.

ఈ లక్షా ముప్పై ఎనిమిది వేలు రేపు బండి అమ్మితే తిరిగి వస్తాయని లెక్క వేయకండి. ఇది పెట్టుబడి కాదు. మీరు ఇష్టపడి చేస్తున్న ఖర్చు, అలాగే రాసుకోండి. ఈ ఆదివారం షెడ్డుకు వెళ్లే బదులు గుంటూరు వెళ్లండి. అమ్మగారినీ వెంట తీసుకెళ్లండి. చెల్లెలికి విషయం చెప్పి అంగీకార పత్రంపై ఇద్దరి సంతకాలూ తీసుకోండి. కన్యాకుమారికి ముందు ఆ బండిని ఒకసారి గుంటూరు దాకా నడిపి చూపిస్తానని ఆమెకు మాటివ్వండి.