కోర్‌బూట్ ఎక్కిస్తే విండోస్ పోతుందా?

ప్రశ్న: సార్, నా పాత థింక్‌ప్యాడ్ ఎక్స్230లో బయోస్ తీసేసి కోర్‌బూట్ వేద్దామనుకుంటున్నా. విండోస్ పోతుందా? అసలు బూట్ అయిపోయాక బయోస్‌తో పనేముంటుంది?
- ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: పోదండీ. విండోస్ ఉండేది డిస్క్‌లో, కోర్‌బూట్ (బయోస్ బదులు వాడే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్, అంటే పవర్ నొక్కగానే మెషీన్‌ని లేపే సాఫ్ట్‌వేర్) ఎక్కేది మదర్‌బోర్డ్ మీదున్న ఫ్లాష్ చిప్‌లో. కోర్‌బూట్ చేసే పని తక్కువే, పవర్ నొక్కగానే ర్యామ్ ఇంకా పనిచెయ్యదు కాబట్టి ప్రాసెసర్ క్యాష్‌నే ర్యామ్‌లా వాడుకుంటూ అసలు ర్యామ్‌ని లేపి, పీసీఐ డివైజ్‌లకి అడ్రస్‌లిచ్చి, మిగతాది పేలోడ్‌కి, అంటే తనతోపాటే ఫ్లాష్‌లో పెట్టే ఇంకో ప్రోగ్రామ్‌కి, అప్పజెప్పేస్తుంది. ఓఎస్‌ని లేపేది ఆ పేలోడే. విండోస్‌లో ఎంఎస్ఇన్ఫో32 ఓపెన్ చేసి బయోస్ మోడ్ చూడండి, లెగసీ అని ఉంటే సీబయోస్ అనే పేలోడ్ చాలు, యూఈఎఫ్ఐ అని ఉంటే ఈడీకే2 పెట్టాలి. ఇది చూసుకోకుండా సీబయోస్ పెట్టేసి కోర్‌బూట్‌లో విండోస్ రాదు అనేవాళ్లు చాలామంది.

రెండో ప్రశ్నే అసలైంది. బూట్ అయ్యాక కూడా పనుంటుంది, ఎందుకంటే కోర్‌బూట్ మెమరీలో ఏసీపీఐ టేబుల్స్ (బ్యాటరీ, స్లీప్ లాంటివి ఎలా నడపాలో ఓఎస్‌కి చెప్పేవి) వదిలేసి వెళ్తుంది. మీరు స్క్రీన్ మీద బ్యాటరీ 63 శాతం అని చూస్తున్నారంటే, ఓఎస్ ఆ టేబుల్స్‌లోని చిన్న కోడ్‌ని నడిపితే అది బోర్డ్ మీదున్న ఎంబెడెడ్ కంట్రోలర్‌ని (బ్యాటరీ, కీబోర్డ్ లాంటివి చూసుకునే చిన్న చిప్) అడిగి తెచ్చిన లెక్క అది. మూత వేస్తే స్లీప్‌లోకి వెళ్లడం, బ్రైట్‌నెస్ బటన్లు కూడా ఇదే దారి. అందుకే ఆ టేబుల్స్‌లో తప్పుంటే స్లీప్ నుంచి లేవదు, జనం మాత్రం లైనక్స్‌ని తిడతారు పాపం.

మొత్తం ఓపెన్ సోర్స్ అయిపోతుందని మాత్రం అనుకోకండి, ఆ ఎంబెడెడ్ కంట్రోలర్‌లో పాత ఫర్మ్‌వేరే ఉంటుంది, ఇంటెల్ ఎంఈ (చిప్‌సెట్‌లో విడిగా నడిచే ఇంటెల్ సొంత ఫర్మ్‌వేర్) కూడా కత్తిరించగలం గానీ పూర్తిగా తీసెయ్యలేం. ర్యామ్‌ని లేపే కోడ్ ఎక్స్230కి ఓపెన్‌గానే ఉంది, అదొక్కటే నా దృష్టిలో ఈ మోడల్‌ని ఎంచుకోడానికి చాలిన కారణం, కొత్త ఇంటెల్ మెషీన్లలో చాలావాటికి ఆ పనికి ఎఫ్ఎస్పీ, అంటే సోర్స్ ఇవ్వని ఇంటెల్ బైనరీ, కావాలి. పైగా వైఫై కార్డ్ మార్చనివ్వని ఒరిజినల్ బయోస్ అడ్డంకి కూడా పోతుంది.

ఎక్స్230లో ఫ్లాష్ చిప్‌లు రెండు, 8 ఎంబీది, 4 ఎంబీది. మామూలుగా 4 ఎంబీది రాస్తే సరిపోతుంది. బ్యాటరీ, ఛార్జర్ తీసేసి, రాసేముందు రెండుసార్లు రీడ్ చేసి ఫైళ్లు సరిపోలాయో లేదో చూసుకోండి. చిప్‌లో రాసే పరికరాల్లో చవక సీహెచ్341ఏ ప్రోగ్రామర్లు కొన్ని డేటా లైన్లకి 5 వోల్టులు పంపిస్తాయి, చిప్‌ది 3.3, మీటర్‌తో చెక్ చేశాకే క్లిప్ పెట్టండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి, ఫర్మ్‌వేర్ మారితే అడుగుతుంది.