రష్యన్ ఒక్కటే చాలదు, ఇంకో భాష పట్టండి

ఇఫ్లూలో బీఏ రష్యన్ అయింది, రష్యా, మధ్య ఆసియా అధ్యయనాల్లో ఎంఏకి బయటికి వెళ్లొచ్చా, సదస్సులకి వెళ్తే ఏమైనా లాభమా అని అడిగారు. నేనూ హైదరాబాద్‌లో రష్యన్ నేర్చుకుని అమెరికాలో బ్లూమింగ్టన్‌లోని ఇండియానా యూనివర్సిటీలో చేరినవాణ్నే.

ముందు డబ్బు సంగతి. ఎక్కడ వెతికినా ఫ్లాస్ ఫెలోషిప్ పేరు కనిపిస్తుంది, అంటే విదేశీ భాషలు చదివేవాళ్లకి అమెరికా ప్రభుత్వ డబ్బు. దానిమీద ఆశ పెట్టుకోకండి. 1957లో సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరాక, కంగారుపడి 1958లో అమెరికా చేసిన చట్టం నుంచి పుట్టిన డబ్బది. అక్కడి పౌరులకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే దానికి అర్హత. సీటొచ్చాక గానీ నేను ఆ ముక్క చదవలేదు, నాన్నని బ్యాంకు లోనుకి పరిగెత్తించాల్సి వచ్చింది. రష్యన్ పాఠాలు చెప్పే అసిస్టెంట్‌షిప్ ఉందా అని డిపార్ట్‌మెంటుకి ముందే మెయిల్ పెట్టండి. అది కుదరకపోతే జేఎన్‌యూలో రష్యా, మధ్య ఆసియా కేంద్రం ఉంది, అదేం తక్కువ కాదు.

ఇక భాష. రెండో ఏడు భయంభయంగానే ఉజ్బెక్ తీసుకున్నాను. మొదటి వారంలో మేడమ్ బోర్డు మీద ‘కితోబ్‌లర్‌ద’ అని రాశారు. కితోబ్ మన కితాబే. లర్ బహువచనం, ద అంటే ‘లో’. పుస్తకాల్లో! క్రియ కూడా మన తెలుగులోలాగే చివర్న వస్తుంది. పక్కన అమెరికన్ కుర్రాళ్లు ప్రత్యయాలతో కుస్తీ పడుతుంటే, రష్యన్ ఆరు విభక్తులూ నన్ను ఏడిపించిన బాకీ వడ్డీతో సహా తీరినట్టనిపించింది. అన్నీ మాస్కో కళ్లతోనే చూస్తున్నామన్న గొడవ ఈ రంగంలో 2022 ఉక్రెయిన్ యుద్ధం తర్వాత బాగా పెరిగింది. ఈ రంగంవాళ్ల పెద్ద సంఘం ఏసీస్ 2023లో ఫిలడెల్ఫియా సదస్సుకి ‘డీకొలొనైజేషన్’, అంటే వలస పెత్తనపు చూపుని వదిలించుకోవడం, అనే అంశమే పెట్టుకుంది. ఉజ్బెకో కజకో చదవగలిగినవాడి మాటకి ఇప్పుడు విలువ ఎక్కువ.

సదస్సంటే, ఒక్కో ప్యానెల్లో ముగ్గురో నలుగురో పేపర్లు చదువుతారు, ఆపైన ఆ పేపర్ల మీద వ్యాఖ్యానించే డిస్కసెంట్ కడిగేస్తాడు. నా మొదటిసారి ‘ఐదు నిమిషాలే’ అన్న చీటీ ఎత్తి చూపించేసరికి నేనింకా ఉపోద్ఘాతంలోనే ఉన్నాను. ఇంట్లో గడియారం పెట్టుకుని చదివి చూసుకోండి. ఇండియా నుంచి పనిగట్టుకుని టికెట్ కొనుక్కుని వెళ్లడం మాత్రం దండగ.

ఒకటి మాత్రం ఇప్పుడే చెయ్యొచ్చు. ఇల్లినాయ్ యూనివర్సిటీ లైబ్రరీలో స్లావిక్ రిఫరెన్స్ సర్వీస్ అని ఉంది. ఫలానా పాత పత్రిక ఎక్కడ దొరుకుతుందని రాస్తే పైసా తీసుకోకుండా వెతికిపెడతారు. నా థీసిస్‌కి సగం ఆధారాలు వాళ్ల చలవే.