తిరుపతి ఎండకీ వానకీ వసారాలో ఏ టీవీ నిలుస్తుంది?

తిరుపతిలో తూర్పు ముఖం ఇల్లు, ముందు పెద్ద వసారా, సాయంత్రమైతే అమ్మానాన్నలు అక్కడే కూర్చుంటారు, వాళ్ల కోసం అక్కడొక టీవీ పెట్టాలి, ఎండావానా తట్టుకునేలా చేసిన అవుట్‌డోర్ టీవీయే కొనాలా అని అడిగారు. మాదీ తిరుపతేనండి, మాదీ తూర్పు ముఖమే. మా వసారాలో కొన్నేళ్లుగా మామూలు ఎల్ఈడీ టీవీయే నడుస్తోంది. టీవీ సంగతి తర్వాత, ముందు ఏ గోడకు బిగిస్తారో తేల్చుకోండి. గోడ కుదిరితే మామూలు టీవీ చాలు. కుదరకపోతే ఎంత ఖరీదైనది తెచ్చినా సుఖం ఉండదు.

చాలామంది వీధి గుమ్మం పక్కనున్న గోడకు బిగిస్తారు. అప్పుడు తెర నేరుగా తూర్పుకు తిరిగి ఉంటుంది. పొద్దున్నే ఎండంతా దాని మీదే. నల్లటి తెర ఆ వేడిని లాగేసుకుంటుంది. లోపలి లిక్విడ్ క్రిస్టల్ హద్దు దాటి వేడెక్కితే అంతమేరా బొమ్మ నల్లబడుతుంది. రోజూ ఇలాగే అయితే తెర పాడైపోతుంది. బ్రహ్మోత్సవాలప్పుడు మీ అమ్మగారు ఎస్వీబీసీలో పొద్దున వాహనసేవ చూద్దామని కూర్చుంటే, తెరలో స్వామివారి బదులు అద్దంలోలా వీధి కనిపిస్తుంది.

ఇంకో చిక్కు వాన. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. గాలి అటునుంచే కాబట్టి జల్లు నేరుగా తూర్పు వసారాలోకే కొడుతుంది. 2021 నవంబరు వానలు ఈ ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. టీవీ కొనకముందు ఆ కాలంలో గాలివాన పడ్డప్పుడల్లా తడి ఎక్కడిదాకా వచ్చిందో నేను గోడల మీద సుద్దముక్కతో గీత గీసేవాణ్ణి. గుమ్మం పక్క గోడ నడుము ఎత్తు దాకా తడిసేది. దక్షిణం కొసనున్న గోడ అంతకన్నా ఎక్కువ తడిసేది. ఉత్తరం కొసన, దక్షిణానికి తిరిగి ఉన్న పక్కగోడ మాత్రం పొడిగా ఉండేది. టీవీ అక్కడే బిగించాను. మా దక్షిణం వైపు పక్కింటి గోడ దగ్గరగా ఉంది కనుక చలికాలపు ఏటవాలు ఎండ కూడా తెర మీదకు రాదు. మీకు అటువైపు ఖాళీ స్థలం ఉంటే ఒక వెదురు తడక కట్టాల్సి వస్తుంది.

గోడ అనుకున్నాక ఆ ఎత్తులో ఒక అద్దం పెట్టించి, నాన్నగారు కూర్చునే కుర్చీలో మీరు కూర్చుని చూడండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అద్దంలో ఆకాశం కనబడితే తెరలోనూ అదే కనబడుతుంది. కాస్త కిందికి వంచే వాల్ మౌంట్ తీసుకుంటే ఈ బెడద చాలావరకు పోతుంది.

ఇక టీవీ. చూడాల్సిన అంకె వెలుగుది, దాన్ని నిట్స్‌లో చెబుతారు. తక్కువ ధర టీవీలు సాధారణంగా 250, 300 నిట్స్ ఇస్తాయి. రాత్రి హాల్లో అది చాలు, పగటి వసారాలో చాలదు. నీడ బాగా ఉన్న వసారాకు 400 నుంచి 500 ఉన్నది వెతకండి. షోరూంలో పెద్ద అంకె చెబితే, అది తెరలో ఒక మూల క్షణంసేపు వచ్చే పీక్ వెలుగా, తెర మొత్తానికి నిలకడగా ఉండేదా అని అడగండి. హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా బాగా చూపే పద్ధతి) అని రాసి ఉన్నంత మాత్రాన వెలుగు ఎక్కువని కాదు. వసారాలో అందరూ ఎదురుగానే కూర్చోరు, ఒకరు మెట్ల మీద, ఒకరు ఉయ్యాల మీద. అందుకని షోరూంలో బాగా పక్కకు జరిగి నిలబడి చూడండి. రంగులు వెలిసిపోయినట్టు ఉంటే అది మీకు వద్దు. ఓఎల్ఈడీ (తెరలో ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం) జోలికి మాత్రం పోవద్దు, వేడికీ ఎండకీ అది ఆగదు.

అవుట్‌డోర్ టీవీలంటే శాంసంగ్ ద టెర్రస్ లాంటివి. వాటికి ఐపీ55 లాంటి రేటింగ్ ఉంటుంది. మొదటి 5 దుమ్ముకు, రెండో 5 నీటి ధారకు. వెలుగూ చాలా ఎక్కువే, కానీ ధర మామూలు టీవీకి ఎన్నో రెట్లు. పైకప్పు లేని డాబా మీదైతే అదే కొనమంటాను. కప్పున్న వసారాకు అంత డబ్బు పోయడం నాకు ఇష్టం లేదు.

మామూలు టీవీల మాన్యువల్‌లో సాధారణంగా 40 డిగ్రీల దాకానే వాడమని ఉంటుంది. మే నెలలో మన ఊరు దాన్ని సులువుగా దాటేస్తుంది. కాబట్టి ఆ నెలల్లో మధ్యాహ్నం ఆపేసి, పొద్దు వాలాక పెట్టుకోమని పెద్దవాళ్లకు చెప్పండి. ఐపీఎల్ మ్యాచ్‌లు ఎలాగూ ఎక్కువగా రాత్రిపూటే కదా.

కరెంటు దగ్గర పొదుపు చూడకండి. హాల్లోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగకుండా, ఎర్తింగ్ సరిగ్గా ఉన్న ప్లగ్ పాయింట్ ఆ గోడకే పెట్టించండి. ఆ లైనుకు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి, ఎందుకంటే తడి కాళ్లతో, తడి చేతులతో తిరిగే చోటది. వైరు పైనుంచి సూటిగా ప్లగ్గులోకి దిగకూడదు. ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు వదిలి పైకి తెస్తే, వైరు వెంబడి జారిన నీళ్లు ఆ వంపు దగ్గరే బొట్లుబొట్లుగా కారిపోతాయి. ఉరుములు మొదలవ్వక ముందే ప్లగ్గుతోపాటు డిష్ వైరు కూడా పీకేయాలి. పిడుగు దెబ్బ ఆ వైరులోంచి కూడా వస్తుంది.

బల్లులకు టీవీ వెనక వెచ్చదనం ఇష్టం. మా టీవీ వెనక దుమ్ము దులుపుతుంటే మౌంట్ సందులో తెల్లటి గుడ్లు కనిపించాయి. అందుకే ముందుకు లాక్కునే చేతి మౌంట్ పెట్టించి, అప్పుడప్పుడు లాగి మెత్తటి బ్రష్షుతో వెనకంతా తుడుస్తాను. గాలి రంధ్రాలకు టేపు మాత్రం అంటించకండి, లోపల వేడి పెరిగిపోతుంది. గుడ్డ కవరు వేస్తే టీవీ చల్లారాకే వేయండి, అడుగు తెరిచి ఉంచండి. మీ ఇల్లు కపిలతీర్థం, అలిపిరి వైపైతే కోతుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. వసారాకు గ్రిల్ లేకపోతే ముందు ఆ ఖర్చు పెట్టండి.

సైజు విషయానికొస్తే, ఏడెనిమిది అడుగుల దూరానికి 43 అంగుళాలు హాయిగా ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కనుక దీనికే వెళ్లండి. ఆరుబయట శబ్దం చెదిరిపోతుంది, పెద్దవాళ్లకు మాటలు వినిపించాలంటే చిన్న సౌండ్‌బార్ కావాల్సిందే. బిల్లు వేయించుకునే ముందు మాత్రం, వసారాలో పెడితే వారంటీ వర్తిస్తుందా అని అడిగి, వాళ్లు చెప్పింది కాగితం మీద రాయించుకోండి.