పేలపిండా, పేలాల పిండా?

సందేహం: తొలి ఏకాదశికి మా ఇంట్లో మొక్కజొన్న పేలాలు దంచి, బెల్లం, ఏలకుల పొడి కలిపి పేలపిండి చేస్తాం. ఆ మాట వినగానే మా అబ్బాయి తల గోక్కుంటూ నవ్వుతాడు. పేలాల పిండి అనడమే సరైనదా? అసలు మొక్కజొన్నవాటిని పేలాలు అనవచ్చా? వడ్లవే పేలాలనీ, తక్కినవన్నీ బొరుగులేననీ పక్కింటివారు అంటున్నారు.
– ఒక పాఠకురాలు, కర్నూలు

సమాధానం: మీ అబ్బాయి నవ్వులో వ్యాకరణం ఉంది. పేనుకు బహువచనం పేలు. దాని పక్కన మరో పదం చేరితే ‘పేల’ అవుతుంది. అంతమాత్రాన పండుగ పిండికి పేరు మార్చనక్కరలేదు. ధాన్యాల పేర్లు విడిగా బహువచనంలో ఉన్నా, వంటకం పేరులో చేరేసరికి ఆ ‘లు’ తరచు రాలిపోతుంది. జొన్నలతో చేసేది జొన్నరొట్టె, రాగులతో కెలికేది రాగిసంగటి, కొర్రలు వండితే కొర్రన్నం. జొన్నల రొట్టె కావాలని సీమలో ఎవరూ అడగరు. అయితే నువ్వుల నూనెలో ‘ల’ నిలిచే ఉంది. వాడుక అన్నిటినీ ఒకే దారిలో నడపదు. కాబట్టి పేలపిండి, పేలాల పిండి రెండూ సాధువులే. నన్నడిగితే, ఇంట్లో పేలపిండి అనే అనండి. మిఠాయి కొట్టు బోర్డు మీదైతే పేలాల పిండి అని రాయించడం క్షేమం! ‘ప్యాలాలు’ అన్నది పలుకుబడి మాత్రమే, మేకను మ్యాక అన్నట్టు. రాతలో పేలాలు.

మీ పక్కింటివారి మాటతోనే నాకు పేచీ. పేలాలకు ఆ పేరు ధాన్యాన్ని బట్టి రాలేదు, పేలడాన్ని బట్టి వచ్చింది. వేడికి గింజలోని తేమ ఆవిరై, పైపొరను చీల్చుకుని బయటపడుతుంది. ఏ గింజ అలా పేలినా పేలాలే. పెళ్లిలో లాజహోమానికి వధువు దోసిట్లో పోసేవి వడ్ల పేలాలు కావడంతో, ఆ మాట వరి సొత్తని వారికి తోచి ఉండవచ్చు. మొక్కజొన్న అమెరికా ఖండాల పంట. ఇక్కడికి వచ్చాక మన జొన్న పేరునే తగిలించుకుంది. పేరే అరువిచ్చినవాళ్లం, పేలాల దగ్గర లోభించడం ఎందుకు?

బొరుగుల సంగతి వేరు. వడ్లను ఉడికించి, ఎండబెట్టి, పొట్టు తీసిన బియ్యాన్ని వేడి ఇసుకలో వేయిస్తే పొంగేవి బొరుగులు. కోస్తాలో మరమరాలంటారు. మీ ఊళ్లో బజ్జీ తోడుగా తినే ఉగ్గాని వాటితోనే కదా! మొక్కజొన్న పేలాలను బొరుగులంటే కుదరదు. పాప్‌కార్న్ అంటే తప్పులేదు గానీ, ‘పాప్‌కార్న్ పిండి’ ఏకాదశి నైవేద్యానికి నప్పదు.