అడ్వాన్స్‌డ్ బ్యాచ్ నుంచి మారితే సీటు పోతుందా?

తమ్ముడూ, ఇంటర్ సెకండియర్ మధ్యలో అడ్వాన్స్‌డ్ బ్యాచ్ (ఐఐటీ ప్రవేశ పరీక్షకి తయారుచేసే బ్యాచ్) లెక్కలు తలకెక్కడం లేదు, మామూలు బ్యాచ్‌కి మారనా అని అడిగావు. అమలాపురం నుంచి నీ చూపు కాకినాడ జేఎన్‌టీయూ మీదే అయితే టెన్షన్ లేకుండా మారిపో. అక్కడ చూసేది ఈఏపీసెట్ (రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష) ర్యాంకు. ఏ బ్యాచ్‌లో చదివావో ఎవరూ అడగరు. ఐఐటీయే కావాలంటే మాత్రం ఓపిక పట్టి ఆ బ్యాచ్‌లోనే ఉండు.

అయితే ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకి 80 లెక్కలే, అన్నీ కలిపి మూడు గంటల్లో. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి వేగం ముఖ్యం. ముందు పాత పేపరు ఒకటి టైం పెట్టుకుని రాయి. ఇంటిగ్రేషన్ లాంటి చోట అసలు పద్ధతే తట్టకపోతే అది బేసిక్స్ లోపం, బ్యాచ్ మారినా తీరదు. పద్ధతి తెలిసి టైం చాలకపోతే మారడమే మేలు.

కట్టిన ఫీజు సంగతి కాలేజీలో ముందే అడగమని నాన్నగారికి చెప్పు. ఇళ్ళల్లో అసలు గొడవ అక్కడే మొదలవుతుంది!